బెణకని చెయ్యి

"ఎడంచేతి వాటం వాళ్ళెవరైనా ఉంటే పంపండి" అని ఛాంపియన్ ముందురోజే కబురు పెట్టింది. అందులో తప్పేముంది? మొదటి మ్యాచ్‌లో తన ఎదుట నిలబడబోయేది ఎడంచేత్తో ఆడే మనిషి. ఎడంచేతి సర్వీసు బంతి నేలకి తగిలాక కంటికి అలవాటైన వైపు కాకుండా రెండోవైపుకి జారుకుంటుంది. ఏడాదిన్నర పాటు కడుపుతోనూ, ఆ తర్వాత ఒళ్ళో పిల్లతోనూ ఇంట్లో కూచున్న మనిషికి ఆ వంకర మళ్ళీ అలవాటు కావాలి. ఏ ఊళ్ళో టెన్నిస్ టోర్నమెంటుకెళ్ళినా ఇలా అడిగేదే. పంపేవాళ్ళు పంపుతారు, వచ్చినవాళ్ళు ఆడి వెళ్తారు. ఆ వచ్చినవాళ్ళు ఏ పని మానుకుని వచ్చారో ఎవరూ అడగరు. ఛాంపియనూ అడగలేదు.

వచ్చింది ఒక పొడుగాటి పిల్ల. పదిహేడేళ్ళుంటాయేమో. మోకాలికి పాత పట్టీ, రాకెట్ పిడికి రంగు వెలిసిన టేపు. నమస్తే లేదు, నవ్వు లేదు. ఎవరో బలవంతాన ఈడ్చుకొచ్చి నిలబెట్టినట్టు నిలబడి, "మొదలెడదామా?" అంది.

మొదటి బంతి పక్కటెముకల మీదకొచ్చింది. రెండోది తుంటి మీదకి. మామూలుగా ప్రాక్టీసుకొచ్చే పిల్లలు పెద్దావిడ చేతికందేలా మెత్తగా కొడతారు. ఆట అయ్యాక పక్కన నిలబడి ఫొటో దిగి మురిసిపోతూ వెళ్తారు. ఈ పిల్ల పగబట్టినట్టు కొడుతోంది. ఛాంపియన్‌కి ప్రాణం లేచొచ్చింది. కాన్పయ్యాక అందరూ తనని గాజుబొమ్మలా చూస్తూ మెల్లగా, మెల్లగా అని విసిగించి చంపుతున్నారు. ఇన్నాళ్ళకి ఒకత్తి మనిషిని మనిషిలా చూసి కొడుతోంది.

"అలా కొట్టాలి! ఇంకో బుట్ట తీసుకో" అని అరిచింది.

పిల్ల బంతుల బుట్ట తెచ్చుకుంది. సర్వీసు చేసే ముందు పెవిలియన్ గోడమీద గడియారం వంక చూసింది. బుట్ట సగమయ్యాక మళ్ళీ చూసింది.

"ఏమ్మా, పెళ్ళిచూపులేమైనా ఉన్నాయా ఇవాళ?" అంది ఛాంపియన్.

పక్క కోర్టులో ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు పకపకా నవ్వారు. పిల్ల నవ్వలేదు. బంతి రెండుసార్లు నేలకేసి కొట్టి, ఎంత గట్టిగా సర్వీసు చేసిందంటే ఛాంపియన్ చేతిలో రాకెట్ గిర్రున తిరిగింది. గొడుగు కింద మనవరాలిని ఒళ్ళో పెట్టుకు కూచున్న ఛాంపియన్ వాళ్ళమ్మ ఉలిక్కిపడింది.

"అబ్బ! ఇంకో బుట్ట" అంది ఛాంపియన్.

ఎండ నెత్తిమీదకొచ్చేదాకా అలా ఆడిస్తూనే ఉంది. చివరికి గొడుగు కింద పాప ఏడుపు లంకించుకుంటే అప్పుడు వదిలింది. ఎడంచేతి పిల్ల చెమట కూడా తుడుచుకోకుండా, సంచీ భుజాన వేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా పోయింది.

"ఎంత పొగరే దానికి" అంది వాళ్ళమ్మ.

"ఉండాలిలే అమ్మా. నాకు లేదూ?" అంది ఛాంపియన్ పాపకి పాలివ్వడానికి కూచుంటూ. నిజంగానే సంతోషంగా ఉంది. చెయ్యి ఆడుతోంది, కాలు కదులుతోంది. ఈ ఒక్క ఏడూ చాలు. మోకాళ్ళు చూసిన డాక్టరు కూడా ఈ ఒక్క ఏడే అన్నాడు. తను ఆట నేర్చుకున్న కోర్టులో, అదే జనం ముందు ఇంకొక్కసారి ఆటగత్తెగా దిగాలి. కూతురు ఆ మూల గొడుగు కింద ఉండగా దిగాలి. అంతకు మించి ఏ కోరికా లేదు.

మధ్యాహ్నం ఒళ్ళు పట్టించుకుని, కాసేపు నడుం వాల్చి, కారు దగ్గరికి వెళ్తూ వెనక కోర్టుల పక్కనించి నడిచింది. అటువైపు క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు జరుగుతున్నాయి. ర్యాంకు లేనివాళ్ళు, ఉన్నా చాలనివాళ్ళు అక్కడ మూడు రౌండ్లు గెలిస్తేగానీ అసలు టోర్నమెంటులోకి రాలేరు. అక్కడ కుర్చీలుండవు, జనముండరు. ఇనపవలకి ఆనుకుని అమ్మలూ నాన్నలూ, అంతే.

చివరి కోర్టులో ఒక పిల్ల వంగి పిక్క పట్టుకుని ఉంది. లేచి నిలబడబోయి, మోకాలు మడవలేక, కుంటుకుంటూ గీత దగ్గరికొచ్చింది. పైకెగరలేక, చిన్నపిల్లలు కొట్టినట్టు కిందనించి సర్వీసు చేసింది. అవతలి పిల్ల దాన్ని సునాయాసంగా మూలకి కొట్టేసింది. ఎడంచేతి పిల్ల పరిగెత్తలేదు. పరిగెత్తే కాళ్ళు పొద్దున్నే అయిపోయాయి.

ఛాంపియన్ గబగబా ఇనపవల దగ్గరికి నడిచింది.

వల పట్టుకుని అక్క నిలబడి ఉంది. అక్క అంటే తోడబుట్టింది కాదు. ఈ క్లబ్బులో కోర్టులు చదును చేసే రోలరు లాగిన మనిషి కూతురు. ఛాంపియన్‌కన్నా మూడేళ్ళు పెద్ద. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే గోడకి బంతులు కొట్టి నేర్చుకున్నారు. తర్వాత చాలా ఏళ్ళు ఛాంపియన్ ఏ ఊరెళ్తే ఆ ఊరెళ్ళి ప్రాక్టీసులో ఎదుట నిలబడింది అక్కే. ఇప్పుడు వెనక కోర్టుల్లో పిల్లలకి ఆట నేర్పుతోంది.

"ఏంటక్కా ఇది? దీనికివాళ మ్యాచ్ ఉందా?"

"ఉంది. ఆఖరి రౌండు."

"మరి పొద్దున్న నాతో..."

"ఆడింది. చూశాను."

"చెప్పొద్దూ నాకు? నోట్లో నాలుక లేదా దానికి?"

"ఉంది. సెక్రటరీకి చెప్పింది. ఛాంపియన్ అడిగితే కాదంటావా, క్లబ్బులో ఉండాలని ఉందా లేదా అన్నాడు." అక్క కళ్ళు కోర్టు మీదే ఉన్నాయి. "ఎడంచేతి వాళ్ళు క్లబ్బులో ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళ నాన్నలు మెంబర్లు. పొద్దున్నే లేపితే బాగోదుగా."

అవతలి పిల్ల చివరి పాయింటు కొట్టేసింది. ఎడంచేతి పిల్ల కుంటుకుంటూ నెట్ దాకా వెళ్ళి చెయ్యి కలిపింది. ఏడవలేదు. అది చూస్తే ఛాంపియన్‌కి ఇంకా కష్టంగా అనిపించింది.

"ఇదసలు ఈ వెనక కోర్టుల్లో ఎందుకు ఆడాల్సొచ్చిందో అడిగావా?" అంది అక్క. "ఏటా క్లబ్బు ఆడపిల్లల పోటీలో గెలిచినదానికి వైల్డ్ కార్డు ఇస్తారు. ర్యాంకుతో పనిలేకుండా నేరుగా టోర్నమెంటులో చోటు. నీకు తెలీనిదా? ఈ ఏడు గెలిచింది ఇదే."

"మరి ఆ చోటు?"

అక్క మొదటిసారి తలతిప్పి చూసింది. "నీకిచ్చారు."

"నాకా? నేను పాత ర్యాంకు మీద ఆడుతున్నాను. కాన్పుకెళ్ళినవాళ్ళకి ఆ రూలుంది."

"ఆ రూలుకి గడువుంది. అది దాటిపోయి నెలైంది. సెక్రటరీ నీకు చెప్పలేదా?"

అంతా నేను చూసుకుంటాను తల్లీ అని మాత్రం చెప్పాడు. ఆ మాట గుర్తొచ్చేసరికి ఛాంపియన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. కారు ఎక్కకుండా అటునించటే ఆఫీసు గదికి నడిచింది.

సెక్రటరీ గది గోడమీద కిటికీ అంత ఫొటో ఒకటుంది. పదిహేనేళ్ళ ఛాంపియన్, చేతిలో తనకన్నా పెద్ద కప్పు. ఊరూ పేరూ లేని బక్కపిల్ల వచ్చి పెద్దపెద్దవాళ్ళని మట్టికరిపించిన కథ పేపర్లలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. చిన్నపిల్లల పాఠ్యపుస్తకంలో కూడా వేశారు. ఆ ఫొటో కింద కూచుని సెక్రటరీ టీ తాగుతున్నాడు.

"రా తల్లీ, రా. టిక్కెట్లన్నీ అయిపోయాయి తెలుసా? నీ పేరు చెప్పగానే..."

"ఆ పిల్ల చోటు నాకెందుకిచ్చారు?"

సెక్రటరీ కప్పు కింద పెట్టాడు. పెదవులు తుడుచుకున్నాడు. "ఏ పిల్ల?"

"నాటకాలొద్దు సెక్రటరీ గారూ. దానికి మ్యాచ్ ఉందని తెలిసి నా దగ్గరికి పంపారు. దాని కాళ్ళు నాచేత విరగ్గొట్టించారు. నేనేం పాపం చేశానని నాచేత చేయించారు?"

"అబ్బబ్బ, కూచో తల్లీ. అంత ఆవేశమెందుకు? అది చిన్నపిల్ల. వచ్చే ఏడు ఆడుతుంది, ఆపై ఏడు ఆడుతుంది. నీకట్లా కాదుగా. నీ మీద అభిమానంతోనే చేశాం. కమిటీ అంతా ఒక్కమాట మీద..."

"నన్నడిగారా?"

"అడిగితే నువ్వొద్దంటావని తెలుసుగా!" అని తన తెలివికి తనే నవ్వుకున్నాడు.

"అయితే ఇప్పుడంటున్నాను. నాకొద్దు. ఆ పిల్లకిచ్చెయ్యండి."

సెక్రటరీ నవ్వు మెల్లగా తగ్గింది. "ఎవరు ఎవరితో ఆడాలో డ్రా తీసేశారమ్మా. ఇప్పుడు నువ్వు తప్పుకుంటే ఆ చోటు నా చేతిలో ఉండదు, నీ చేతిలో ఉండదు. క్వాలిఫయింగ్ ఆఖరి రౌండులో ఓడిపోయినవాళ్ళలో ఎవరి ర్యాంకు ముందుంటే వాళ్ళకి పోతుంది. ఆ పిల్లకి ర్యాంకే లేదు. నువ్వు పోగొట్టుకోవడమే తప్ప దానికొరిగేదేం లేదు. హాయిగా ఆడు."

ఛాంపియన్ బల్లమీద చేతులానించి నిలబడింది. అది చూసి సెక్రటరీకి ధైర్యం వచ్చింది.

"అయినా ఇదేదో కొత్త అన్యాయం అన్నట్టు మాట్లాడతావేంటి? అప్పుడు మా నాన్నగారు ఇదే కుర్చీలో కూచుని నీకు చోటిచ్చారు. అది ఎవరి చోటమ్మా? ఆ ఏడు క్లబ్బు పోటీలో నువ్వు గెలిచావా?"

"ఫైనల్లో ఓడిపోయాను. అక్క గెలిచింది. కానీ అక్క చెయ్యి బెణికింది. అందుకని నాకిచ్చారు."

"అవునవును" అన్నాడు సెక్రటరీ. "బెణికింది."

అని నవ్వాడు. పెద్దగా కాదు, ముక్కుతో కొంచెం. ఛాంపియన్ తలుపు తోసుకుని బయటికొచ్చేసింది.

కారులో వస్తుంటే ఆ సాయంత్రం గుర్తొచ్చింది. ఎందుకు రాలేదు ఇన్నేళ్ళూ? వైల్డ్ కార్డు నీకిచ్చారే అని అమ్మ చెప్పిన రోజు సాయంత్రం. తను ఎగిరి గంతేసి, అక్కని పిలుచుకెళ్ళి, రేపటికి సర్వీసు తియ్యడం ప్రాక్టీసు చెయ్యాలి అక్కా, నువ్వు కొట్టు అంది. అక్క కొట్టింది. చీకటి పడి బంతి కనపడనంతవరకూ సర్వీసు మీద సర్వీసు చేసింది. బెణికిన చేత్తో!

ఇంటికొచ్చేసరికి అమ్మ పిల్ల ఒళ్ళు తడిగుడ్డతో తుడుస్తోంది.

"అమ్మా, అక్క చెయ్యి బెణికిందని నాకు చెప్పింది నువ్వేగా?"

అమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ తుడిచింది. చెవి వెనక, మెడ మడతలో, వేళ్ళ సందుల్లో.

"ఇప్పుడెందుకే అవన్నీ."

"బెణికిందా లేదా?"

"చెప్పమన్నారు, చెప్పాను." అమ్మ పిల్లకి చొక్కా తొడిగింది. "రాకెట్ల కంపెనీవాళ్ళు వస్తున్నారు, చిన్నపిల్లైతే ఫొటోల్లో బావుంటుంది, రోలరు లాగేవాడి కూతుర్ని పెడితే వాళ్ళేం చూస్తారు అన్నాడు అప్పటి సెక్రటరీ, ఆ పెద్దాయన. నీకు తెలిస్తే నువ్వు ఆడవు. నాకు తెలుసు నీ సంగతి. అందుకని..."

"వాళ్ళు సరే. నువ్వు ఎట్లా ఒప్పుకున్నావమ్మా? అక్క మనింట్లో అన్నం తినేది. నీ చేత్తో వడ్డించేదానివి."

"వడ్డించాను. తర్వాతా వడ్డించాను" అంది అమ్మ గొంతు పెంచి. "మరేం చెయ్యమంటావ్? కూతురికొచ్చింది కాలదన్నుకోమంటావా? నీకిప్పుడు ఒకత్తి పుట్టింది. రేపు దానికొస్తుంది, అప్పుడు నేనూ చూస్తాను నువ్వేం చేస్తావో."

పిల్ల కాళ్ళు తపతపా కొట్టుకుంటూ నవ్వింది. ఆ నవ్వు చూసి అమ్మకి ఏడుపొచ్చింది. ఛాంపియన్‌కి మాత్రం రాలేదు. ఒంట్లో ఎక్కడ పట్టుకున్నా కోపమే తగులుతోంది. అమ్మ మీద, చచ్చిపోయిన ఆ పెద్దాయన మీద, అందరికన్నా ఎక్కువ ఆ పదిహేనేళ్ళ పిల్ల మీద. చీకటిదాకా ఆ సర్వీసులు తీస్తూ, భలే కొడుతున్నావక్కా అని కేరింతలు కొట్టిన మొద్దు పిల్ల మీద.

మర్నాడు పొద్దున్న వెనక కోర్టుల్లో అక్క గీతల మీద మట్టి ఊడుస్తోంది. మట్టి కోర్టులో ఆట అయ్యాక తెల్ల గీతలు కనపడవు. పొడుగు చీపురుతో ఒక్కో గీతా బయటికి తియ్యాలి. ఛాంపియన్ కాసేపు ఆమె వెనకే నడిచింది, ఎట్లా మొదలెట్టాలో తెలీక.

"నీ చెయ్యి బెణకలేదు కదక్కా" అంది చివరికి.

అక్క చీపురు ఆపలేదు. "లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు తెలీదని నేననుకోలేదు" అంది అక్క.

ఛాంపియన్ గబగబా ముందుకెళ్ళి అక్కకి ఎదురుగా నిలబడింది.

"ఆ సాయంత్రం నీతో ఆడాను కదా. బెణికిన చేత్తో అన్ని సర్వీసులు ఎవరు చేస్తారు? ఆటాడేదానివి, ఆ మాత్రం తెలీదా నీకు? తెలిసే ఊరుకున్నావనుకున్నా. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నా."

"నాకు తట్టలేదక్కా. ఒట్టు."

"తట్టదులే. తట్టాల్సిన అవసరం నీకేముంది?"

గీత మూల దగ్గర అక్క చీపురు తిప్పి, రెండో గీత మొదలెట్టింది. ఎండ ఇంకా ముదరలేదు. దూరంగా చిన్నపిల్లలు బంతులేరుకుంటూ గోల చేస్తున్నారు.

"మరి నా మీద కోపం లేకుండా నాతో అన్ని ఊళ్ళు ఎట్లా తిరిగావక్కా?"

"లేదని ఎవరు చెప్పారు నీకు?" అక్క చీపురు కింద పడేసింది. "జీతానికి తిరిగాను. ఇంట్లో గడవాలి కాబట్టి తిరిగాను. రోజూ పొద్దున్నే లేచి నీకు కొట్టిన బంతుల్లో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి ప్రేమగా కొట్టలేదు. ఈవిడకి ఎంత బలమైన బంతన్నా భయం లేదని పేపర్లో రాస్తుంటే నవ్వొచ్చేది. ఎందుకుంటుంది? నా కడుపుమంటంతా రోజూ తిన్నావుగా, అలవాటైపోయింది."

ఆ మాటకి ఛాంపియన్ తలవంచుకోలేదు. అక్క కళ్ళలోకే చూసింది. చూడటం కష్టంగానే ఉంది. అయినా చూసింది.

"ఏదో త్యాగం చెయ్యడానికి వచ్చినట్టుంది నీ మొహం" అంది అక్క. "నా దగ్గర అట్లాంటివి పెట్టకు. నాదెప్పుడో అయిపోయింది. ఆ పిల్లది మాత్రం అవనివ్వకూడదనుకున్నా, నా వల్ల కాలేదు."

"త్యాగం కాదక్కా. ఒళ్ళు మండిపోతోంది నాకు."

"మండనీ. ఇన్నాళ్ళకి."

అక్క చీపురు తీసుకుని, దానిమీద రెండు చేతులూ ఆనించింది. తర్వాత మాట్లాడింది, గోడకి చెప్తున్నట్టు.

"సెక్రటరీ నీకు రూలు సగమే చెప్పాడు. ఓడినవాళ్ళలో పెద్ద ర్యాంకువాళ్ళకి అన్నది నిజమే. కానీ మ్యాచ్ రోజు పొద్దున్న రెఫరీ గదికొచ్చి, ఖాళీ ఉంటే నేను ఆడతాను అని సంతకం పెట్టినవాళ్ళకే. మిగతావాళ్ళంతా నిన్న రాత్రే బస్సెక్కేశారు. పక్కూళ్ళో ఇంకో టోర్నమెంటు మొదలవుతోంది. ఓడిపోయిన ఊళ్ళో ఎవరు కూచుంటారు?"

"ఆ పిల్ల?"

"దానిది ఈ ఊరే. ఎక్కడికి పోతుంది?"

"సంతకం పెట్టించగలవా?"

"నా మీద కూడా అలిగి కూచుంది. నీతో తనని ఆడించొద్దని సెక్రటరీకి ఎదురు తిరగలేదని." అక్క పెదవి విరిచింది. "పెట్టిస్తాను. నువ్వు ముందుగా నోరు జారకు. ఆ మహానుభావుడికి వాసన తగిలిందంటే రాత్రికి రాత్రి ఎవర్నో ఒకర్ని బస్సు దింపి తెస్తాడు."

మ్యాచ్ రోజు ఛాంపియన్ మామూలుగానే వచ్చింది. మామూలుగానే ఒళ్ళు వేడెక్కించుకుంది, రాకెట్ల తీగలు వేలితో మీటి చూసుకుంది. సెక్రటరీ దండలు తెప్పించాడు. ముఖ్య అతిథి కోసం మెత్తటి కుర్చీ వేయించాడు. జనం నిండిపోయి మెట్లమీద కూడా కూచున్నారు. డ్రెస్సింగ్ రూములో ఒక్కత్తీ కూచుని, బూట్లు విప్పి, మళ్ళీ తొడుక్కుంది. ఏడుపొచ్చింది. ఆడాలని ఉంది, ప్రాణం పోయేంత ఉంది. అబద్ధమెందుకు? ఎవరికీ కనపడకుండా ఆ ఏడుపు ఏడ్చేసి, మొహం కడుక్కుని, రెఫరీ గదికెళ్ళింది.

రెఫరీ బయటూరినించి వచ్చిన మనిషి. కళ్ళద్దాలు, తక్కువ మాటలు.

"నేను ఆడటం లేదండీ" అంది ఛాంపియన్.

"గాయమా?"

"కాదు."

"అనారోగ్యమా?"

"కాదు."

"ఈ రెండిట్లో ఏదో ఒకటి అవ్వాలమ్మా. కారణం ఏమని రాయను?"

"ఆ చోటు నాది కాదు. అది రాయండి."

రెఫరీ కళ్ళద్దాలు తీసి చూసింది. "ఊరికే తప్పుకుంటే శిక్ష పడుతుంది. ఈ సీజనంతా నిన్ను ఎక్కడా ఆడనివ్వరు. తెలుసుగా?"

"తెలుసు."

రెఫరీ ఇంకేం అడగలేదు. పొద్దున్న పెట్టిన సంతకాల వైపు చూసింది. ఒక్కటే ఉంది. బయటికి తొంగిచూసి పిలిచింది. ఎడంచేతి పిల్ల రాకెట్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. అక్క ఏం చెప్పి తీసుకొచ్చిందోగానీ, ఛాంపియన్‌ని చూడగానే మొహం గంటు పెట్టుకుంది. సంగతి విన్నాక నోరు తెరుచుకుని ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసింది. థాంక్స్ అనలేదు. "ఇప్పుడేనా?" అని మాత్రం అడిగింది.

"ఇప్పుడే" అంది రెఫరీ.

ఎడంచేతి పిల్ల కోర్టులోకి దిగేసరికి జనం ముందు గుసగుసలాడారు, తర్వాత గోల చేశారు. ఛాంపియన్ ఏదీ, ఈ పిల్లెవరు, మా టిక్కెట్ల సంగతేంటి అని మెట్లమీంచి కేకలు. పిల్ల వెనక గీత దగ్గర నిలబడి బూటు ముక్కుతో మట్టి గీరుతోంది. ఛాంపియన్ పెవిలియన్ గుమ్మంలో నిలబడి చూస్తోంది. గోల తగ్గకపోయేసరికి సెక్రటరీ మైకు పట్టుకుని కోర్టులోకే నడిచాడు. మొహంలో రక్తం లేదు, కానీ గొంతులో తేనె ఊరుతోంది.

"మిత్రులారా! కొంచెం ప్రశాంతంగా వినండి. మన ఛాంపియన్ మనసు ఎంత గొప్పదో ఇవాళ మళ్ళీ చూపించింది. తల్లి అయిన హృదయం కదా! తన చోటుని ఒక పేద చిన్నారికి దానం చేసింది. ఒకప్పుడు ఈ క్లబ్బు ఒక చిన్నారికి అవకాశమిచ్చింది. ఆ రుణం ఇవాళ తీర్చుకుంది. ఇదీ మన సంప్రదాయం!"

జనం ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. చప్పట్లు. ఈలలు. ఛాంపియన్ వైపు తిరిగి, చేతులెత్తి, ఆగకుండా చప్పట్లు. కళ్ళు తుడుచుకుంటున్నారు కొందరు. కోర్టులో నిలబడ్డ పిల్లని ఒక్కరూ చూడటంలేదు.

ఛాంపియన్‌కి తల కొట్టేసినట్టయింది. మళ్ళీనా! చోటు వదిలేసినా కూడా పేరు తనకే తెచ్చి కట్టారు. ఆ పిల్ల గెలుచుకున్నది ఆ పిల్లకే ముష్టి కింద వేశారు. ఆమె మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలీదు. కోర్టు గేటు తోసుకుని లోపలికెళ్ళి సెక్రటరీ చేతిలో మైకు లాక్కుంది. చప్పట్లు ఇంకా పెరిగాయి.

"ఆపండి" అంది. "దానమేం లేదు. క్లబ్బు పోటీలో గెలిచింది ఈ పిల్ల. చోటు దీనిదే. మీకు టిక్కెట్లు అమ్ముకోడానికి దీని దగ్గర లాక్కుని నాకిచ్చారు. నా పదిహేనో ఏట కూడా ఇంతే. అప్పుడు క్లబ్బు పోటీలో నేను గెల..."

మైకు మూగబోయింది. సెక్రటరీ స్పీకర్ల దగ్గర కూచున్న మనిషికి చెయ్యి ఊపాడు.

"నేను గెలవలేదు!" అని అరిచింది ఛాంపియన్. "అక్క గెలిచింది! చెయ్యి బెణికిందని అబద్ధం చెప్పారు! బెణకలేదు! ఆ చోటు అక్కది! ఆ ఫొటోలో ఉండాల్సింది నేను కాదు!"

ముందు వరసవాళ్ళకి వినపడింది. వాళ్ళ చప్పట్లు ఆగిపోయి, చేతులు ఒళ్ళోకి దిగాయి. ఒకావిడ పక్కావిడ వైపు తిరిగి ఏదో అడిగింది. పై మెట్లమీద వాళ్ళకి ఏం వినపడలేదు. ఆవిడ ఆనందం పట్టలేక ఏదో అంటోందనుకుని ఇంకా కొడుతూనే ఉన్నారు. ఛాంపియన్ మళ్ళీ అరిచింది. గొంతు చీరుకుపోయింది. సెక్రటరీ "తల్లీ, తల్లీ" అంటూ చెయ్యి పట్టుకోబోతే విదిలించి కొట్టింది.

"మేడమ్" అంది వెనకనించి ఎవరో.

ఎడంచేతి పిల్ల. రెండు బంతులు చేతిలో పట్టుకుని, కాళ్ళు మార్చి మార్చి ఎగురుతోంది.

"అయిపోయిందా మీది? నా ఒళ్ళు చల్లబడిపోతోంది. మళ్ళీ పిక్క పట్టేస్తుంది. కొంచెం బయటికెళ్తారా, నేను ఆడుకోవాలి."

ఛాంపియన్ ఆ పిల్ల మొహం చూసింది. అందులో కృతజ్ఞత లేదు, కోపం కూడా లేదు. నెట్ అవతల మనిషి ఎక్కడ నిలబడిందా అని ఆ కళ్ళు తన భుజం పక్కనించి చూస్తున్నాయి.

"వెళ్తున్నా" అంది ఛాంపియన్.

పనిచెయ్యని మైకు సెక్రటరీ చేతిలో పెట్టి, గీతలు తొక్కకుండా పక్కనించి నడిచి, గేటు దాటింది. బయట వల పట్టుకుని అక్క నిలబడి ఉంది. విందో లేదో మొహం చూసి చెప్పడం కష్టం. ఛాంపియన్ వెళ్ళి పక్కన నిలబడింది. అక్క ఆమె వైపు తిరగలేదు, చోటిద్దామని ఒక్క అడుగు కూడా జరగలేదు. అంచేత అక్క భుజానికీ ఇనప స్తంభానికీ మధ్య ఉన్న కాస్త సందులోంచే మెడ వంచుకుని ఛాంపియన్ ఆట చూడటం మొదలెట్టింది.